దగ్గలేని బిడ్డ

దగ్గు వచ్చినచో దానిని మనము రోగమనుకొందుము. మందుల దుకాణమునకు పోయి దానిని అణచు మందు తెచ్చుకొందుము. నిజమునకు దగ్గు రోగము కాదు. రోగమును వెలుపలికి నెట్టుటకు శరీరము చేయు ప్రయత్నము. ఆ ప్రయత్నము లేకపోయినచో ఏమి జరుగునో తెలిసికొనవలెనన్న, ఆసుపత్రిలో శ్వాసయంత్రముపై ఉంచబడిన బిడ్డను చూడవలెను.

ఎనిమిదేండ్ల బాలుడొకడు వానకాలపు రాత్రి నేలమీద చాప పరచుకొని నిద్రించుచుండగా కట్లపాము కరచినదనుకొందము. మన పల్లెలలో ఇది వినని సంగతి కాదు. కట్లపాము కాటు అంతగా నొప్పి పెట్టదు. వాపు కూడ రాకపోవచ్చును. పిల్లవాడు చీమ కుట్టినదనుకొని మరల నిద్రపోవును. తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలిపోవును, మాట ముద్దగా వచ్చును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి తీయు కండరములు కూడ చచ్చుపడును. నరముల కొనలనుండి కండరములకు పోవలసిన ఆజ్ఞను ఈ విషము అడ్డగించును. విరుగుడు మందు రక్తములోనున్న విషమును పట్టుకొనగలదే కాని, అప్పటికే దెబ్బతిన్న నరముల కొనలను వెంటనే బాగుచేయలేదు. అవి తిరిగి పనిచేయుటకు కొన్ని దినములు పట్టును. అంతవరకు వెంటిలేటరు అను శ్వాసయంత్రము బాలుని ఊపిరిని నడుపవలెను.

ఈ బాలుని ఊపిరితిత్తులలో మొదట ఏ రోగమును లేదు. యంత్రము లెక్క తప్పక గాలిని పంపుచున్నది. అయినను రెండు మూడు దినముల తరువాత ఎక్సురే తీసినచో, కుడి ఊపిరితిత్తి పైభాగము తెల్లగా కనుపించవచ్చును. గాలి నిండిన ఊపిరితిత్తి ఎక్సురే పటములో నల్లగా కనుపించును. తెలుపు అనగా అక్కడ గాలి లేదన్నమాట. గాలిని పంపుటకే యంత్రమును పెట్టినప్పుడు గాలి లేకపోవుటేమి? యంత్రము గాలిని లోపలికి పంపగలదు. కఫమును వెలుపలికి తేలేదు. కఫము అడ్డుపడిన దారి వెనుక భాగము గాలిలేక ముడుచుకొనిపోయినది. ఆ కఫమును వెడలించు పని మనుష్యుని చేతులది. దానికే శ్వాస ఫిజియోథెరపీ అని పేరు.

కఫము నడచు దారి

ఆరోగ్యముగా నున్నవానికి కూడ కఫము ఊరుచునే యుండును. వాయునాళము లోపలి గోడపై సన్నని శ్లేష్మపు పొర ఉన్నది. మనము పీల్చిన గాలితో వచ్చిన దుమ్ము, పొగ, సూక్ష్మజీవులు ఆ పొరకు అంటుకొనును. పొర క్రింద లక్షలకొలది శైలికలు కలవు. ఇవి కంటికి కానరాని సన్నని వెండ్రుకల వంటివి. వరిచేను గాలికి అలలుగా వంగినట్లు ఇవన్నియు ఒక వరుసలో, సెకనుకు పది పదిహేను మారులు, గొంతు వైపునకే కొట్టుకొనును. అందుచేత శ్లేష్మపు పొర యావత్తు నిమిషమునకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుగుచుండును. గొంతు చేరిన దానిని మనకు తెలియకుండగనే మ్రింగివేయుదుము.

ఈ ఏర్పాటుకు తోడు దగ్గు. దగ్గునప్పుడు మొదట నిండుగా ఊపిరి పీల్చుదుము. తరువాత స్వరపేటికలోని తంత్రులు రెండును దగ్గరకు చేరి దారిని మూసివేయును. మూసిన తలుపు వెనుక పొట్ట కండరములు, రొమ్ము కండరములు బిగుసుకొని గాలిని నొక్కును. అప్పుడు తలుపు ఒక్కసారిగా తెరచుకొనును. గోలీసోడా సీసాలో గోలీని లోపలికి నొక్కినప్పుడు గాలి ఎట్లు బుస్సుమని వచ్చునో, ఊపిరితిత్తులలోని గాలి అట్లే వచ్చి, దారిలోనున్న కఫమును తనతో ఈడ్చుకొని వచ్చును.

శ్వాసయంత్రమునకు కలుపుటకై బిడ్డ నోటినుండి గాని ముక్కునుండి గాని వాయునాళములోనికి ఒక గొట్టము దించుదురు. ప్రాణము నిలుపునది ఆ గొట్టమే. చిక్కులు తెచ్చునదియు ఆ గొట్టమే. అది స్వరతంత్రుల నడుమనుండి పోవుటచే అవి మూసుకొనజాలవు. మూతలేని సోడాసీసా బుస్సుమనదు. పైగా గొట్టము అక్కడ నున్నందువలన గోడలకు ఒరిపిడి కలిగి శ్లేష్మము మరింత ఊరును. బిడ్డ గొట్టమును లాగివేయకుండ మత్తుమందు ఇత్తురు. మత్తులో దగ్గు మందగించును. కట్లపాము కరచిన బాలునికైతే మత్తు లేకున్నను దగ్గుటకు కండరముల బలమే లేదు.

ముక్కు చేయు పని కూడ ఇక్కడ పోయినది. మనము పీల్చు గాలిని ముక్కు వెచ్చచేసి, తడిపి లోపలికి పంపును. శరీరపు వేడియైన 37 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద ఒక లీటరు గాలి 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని పట్టుకొనగలదు. ఆసుపత్రి గొట్టములలో వచ్చు ఆమ్లజని దాదాపు పొడిగా నుండును. ఆ పొడిగాలిని అట్లే పంపినచో అది తనకు కావలసిన నీటిని శ్లేష్మమునుండియే తీసికొనును. శ్లేష్మము జిగురువలె గట్టిపడును. శైలికలు దానిలో చిక్కుకొని నిలిచిపోవును. కనుక యంత్రమునకును బిడ్డకును నడుమ నీటిని కాచి ఆవిరిని కలుపు పాత్రను అమర్చుదురు. ఫిజియోథెరపిస్టు బిడ్డపై చేయి వేయుటకు ముందు ఈ పాత్రలో నీరున్నదా, వెచ్చగా నున్నదా అని చూచుట మంచి అలవాటు. గట్టిపడిన కఫమును ఎంత నేర్పుగల చేతులును కదలింపలేవు.

1952లో కోపెన్‌హేగెన్

గాలిని ఇచ్చుట, కఫమును తీయుట అను రెండు పనులును జంటగా సాగవలెనని లోకమునకు తెలిపినది డెన్మార్కు రాజధానిలో వచ్చిన పోలియో ఉపద్రవము. అంతకు ముందు శ్వాసయంత్రములు లేకపోలేదు. 1928లో అమెరికాలోని బోస్టనులో డ్రింకర్, షా అను వారు నిర్మించిన పెట్టెను ఎనిమిదేండ్ల బాలిక కొరకు మొదటిసారి వాడిరి. దానికి ఇనుప ఊపిరితిత్తి అను పేరు వచ్చినది. రోగి తల మాత్రము వెలుపల నుండును. పెట్టెలోని గాలి పీడనమును తగ్గించి పెంచుటచే రొమ్ము ఉబ్బి అణగును. గొంతు బాగుగా నున్నవారికి అది చాలా మేలుచేసినది. గొంతు కండరములు చచ్చుపడి మ్రింగలేనివారు మాత్రము, పెట్టె ఊపిరి పోయుచుండగనే, తమ ఉమ్మియు కఫమును ఊపిరితిత్తులలోనికి దిగుటచే మునిగిపోయినట్లు చనిపోవుచుండిరి.

1952 వేసవిలో కోపెన్‌హేగెన్‌లోని బ్లేగ్డామ్ ఆసుపత్రికి పోలియో రోగులు వరదవలె వచ్చిరి. వారిలో పెక్కుమంది పిల్లలు. అక్కడ ఉన్న పెట్టె ఒక్కటి. రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములు ఆరు. మొదటి మూడు వారములలో ఈ యంత్రములతో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. ప్రధాన వైద్యుడు లాసెన్, మత్తుమందు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించి సలహా అడిగెను. ఆగస్టు 27న పండ్రెండేండ్ల బాలికయొకతె కొనఊపిరితో నుండెను. ఆమె ఎడమ ఊపిరితిత్తి ముడుచుకొనిపోయి యుండెను. మెడ ముందు భాగమున వాయునాళమునకు రంధ్రము చేసి, దానిలోనికి చుట్టును గాలిబుడగ గల గొట్టమును దించిరి. ఉమ్మి క్రిందికి దిగకుండ ఆ బుడగ అడ్డుకొనును. గొట్టము ద్వారా కఫమును పీల్చివేసి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఇబ్సెన్ ఊపిరి పోసెను. బాలిక బ్రదికెను.

అన్ని యంత్రములు ఎక్కడనుండి వచ్చును? అందుచేత వైద్య విద్యార్థులను పిలిచిరి. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచముల ప్రక్కన కూర్చుండి, రాత్రింబగళ్ళు సంచులను నొక్కిరి. ఒక సమయమున 70 మంది రోగులకు ఏకకాలమున చేతితోనే ఊపిరి పోయవలసి వచ్చినది. మరణముల పాలు సగముకంటె తక్కువకు దిగినది. నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులకు మూలము ఇదియేనని చెప్పుదురు. ఆ విద్యార్థుల చేతులలోని సంచి తరువాత యంత్రమైనది. కఫమును తీయు పనిని మాత్రము ఇంతవరకు ఏ యంత్రమును చేతులనుండి పూర్తిగా తీసికొనలేదు.

చిన్న గొట్టము, పెద్ద అవరోధము

పిల్లవాడనగా పొట్టివాడైన పెద్దవాడని తలచుట వైద్యములో పెద్ద పొరపాటు. ఊపిరి విషయములో ఈ తేడా లెక్కకే అందును.

సన్నని గొట్టములో ద్రవముగాని గాలిగాని నెమ్మదిగా, పొరలు చెదరకుండ ప్రవహించునప్పుడు అవరోధము ఆ గొట్టము వ్యాసార్ధపు నాల్గవ ఘాతమునకు విలోమముగా నుండును. రక్తప్రవాహమును అర్థము చేసికొనుటకై ఫ్రెంచి వైద్యుడు ప్వాసెయ్ 1840 ప్రాంతమున ఈ సూత్రమును కనుగొనెను. ఇప్పుడు 8 మిల్లీమీటర్ల వ్యాసము గల ఒక గొట్టమును, 4 మిల్లీమీటర్ల వ్యాసము గల మరియొక గొట్టమును తీసికొందము. మొదటిది పెద్దవానిది, రెండవది పసిబిడ్డది. రెండింటి లోపలి గోడకును చుట్టును ఒక మిల్లీమీటరు మందమున కఫము పట్టినదనుకొందము. పెద్ద గొట్టపు వ్యాసార్ధము 4 నుండి 3కు తగ్గినది. నాలుగింట మూడును నాల్గవ ఘాతమునకు ఎత్తి చూచినచో, అవరోధము మూడు రెట్లకు కొంచెము మించి పెరిగినదని తేలును. చిన్న గొట్టపు వ్యాసార్ధము 2 నుండి 1కి తగ్గినది. రెండు నాల్గవ ఘాతము పదునారు. అవరోధము పదునారు రెట్లయినది! ఒకే మిల్లీమీటరు కఫము పెద్దవానికి ఇబ్బంది, బిడ్డకు గండము. బిడ్డ ఏడ్చునప్పుడు గాలి సుడులు తిరుగును. అప్పుడు అవరోధము ఇంకను పెరుగును. తరగతిలో లావు పుల్లగొట్టముతోను, సన్ననిదానితోను గాలి ఊది చూచినచో ఈ తేడా కొంతవరకు బుగ్గలకే తెలియును.

మరియొక లోటు ప్రక్కదారులది. పెద్దవారి ఊపిరితిత్తులలో ఒక వాయుకోశమునుండి పొరుగు వాయుకోశమునకు సన్నని రంధ్రములు ఉండును. ఒక నాళిక కఫముతో మూసుకొన్నను పొరుగింటి దొడ్డిదారిన కొంత గాలి వచ్చును. పసిబిడ్డలలో ఈ దొడ్డిదారులు ఇంకను సరిగా ఏర్పడవు. వీధి తలుపు మూతపడినచో ఇల్లు మూతపడినట్లే. మూతపడిన తరువాత లోపల మిగిలిన గాలిలోని ఆమ్లజనిని రక్తము త్వరగా పీల్చుకొనును. మామూలు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. అది రక్తములోనికి చప్పున పోదు. వాయుకోశములను కొంతసేపు తెరచి యుంచును. యంత్రము ద్వారా ఎక్కువ పాలు ఆమ్లజని ఇచ్చుచున్నప్పుడు ఆ నత్రజని ఆసరా తగ్గును. మూతపడిన భాగము త్వరగా ముడుచుకొనును. ప్రాణవాయువును ఎక్కువగా ఇచ్చుటయే ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తి ముడుచుటకు తోడ్పడునన్నమాట. చదువరులకు ఇది వింతగా తోచవచ్చును కాని, లెక్క అట్లే యున్నది.

పసిబిడ్డ ప్రక్కటెముకలు మెత్తనివి. పైగా అవి పెద్దవారివలె క్రిందికి వాలక అడ్డముగా నుండును. కావున రొమ్మును విప్పార్చు బలము తక్కువ. భారమంతయు రొమ్మును పొట్టను వేరుచేయు కండరపు తెరపై పడును. అది త్వరగా అలసిపోవును.

చేతుల పని

ఫిజియోథెరపిస్టు మొదట చేయునది చేతితో కాదు, చెవితోను కంటితోను. రొమ్ము రెండు వైపుల సమానముగా లేచుచున్నదా? స్టెతస్కోపుతో విన్నప్పుడు ఏ మూలనైనను గాలి చప్పుడు తగ్గినదా, గురగుర వినిపించుచున్నదా? ఎక్సురేలో తెలుపు ఎక్కడ నున్నది? గొట్టము మరీ లోతునకు దిగి కుడి నాళికలోనికి జారినదా? కుడి నాళిక తిన్నగా నుండుటచే గొట్టము జారినచో అటే జారును; అప్పుడు ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు. ఇది కఫపు దోషము కాదు. గొట్టమును కొంచెము పైకి లాగినచో సరిపోవును. ఇది గమనింపక రొమ్మును తట్టినచో బిడ్డకు శ్రమయే మిగులును.

కఫమున్నదని తేలిన తరువాత మొదటి సాధనము బిడ్డను త్రిప్పి పరుండబెట్టుట. సీసాలో అడుగంటిన తేనెను తీయవలెనన్న సీసాను వంచి కొంతసేపు ఆగుదుము గదా! ఊపిరితిత్తిలో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క నాళిక, ఒక్కొక్క దిక్కుగా ఉన్నది. ఏ భాగములో కఫమున్నదో ఆ భాగము పైకి వచ్చునట్లు బిడ్డను ప్రక్కకు త్రిప్పినచో, కఫము పెద్ద నాళికవైపు జారును. పూర్వము తలను బాగుగా క్రిందికి వంచి ఉంచుచుండిరి. ఇప్పుడు పిల్లలలో ఆ పద్ధతిని చాలవరకు మానివేసిరి. తల వాలినప్పుడు కడుపులోని పాలు గొంతులోనికి ఎగదన్నును. మెదడులోని పీడనము పెరుగును.

త్రిప్పి పరుండబెట్టుటలో మరియొక మెలకువ కలదు. ఒక ఊపిరితిత్తి చెడినప్పుడు పెద్దవారిని మంచి ఊపిరితిత్తి క్రిందికి వచ్చునట్లు పరుండబెట్టుదురు. రక్తమును గాలియు ఆ వైపునకే ఎక్కువగా చేరును. పసిబిడ్డలలో సాధారణముగా ఇది తలక్రిందులు. వారి మెత్తని రొమ్మువలన పైవైపు ఊపిరితిత్తికే గాలి ఎక్కువ అందును. కనుక ఏ వైపు త్రిప్పినను, బిడ్డ వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు అంకెను చూచుచునే ఉండవలెను. రక్తపు ఎరుపును వెలుగుతో కొలిచి ఆమ్లజని పాలును చెప్పు ఈ సాధనమునకు మూలసూత్రమును 1974లో జపానుదేశీయుడు టకువో అవోయాగి వెల్లడించెను. చేతుల పనికి దీనికి మించిన కావలి లేదు.

రెండవది తట్టుట. పెద్ద పిల్లలకు అరచేతిని దోసిలివలె వంచి, బట్ట పరచిన రొమ్ముపై తట్టుదురు. చప్పుడు బోలుగా రావలెను గాని చెంపదెబ్బవలె రాకూడదు. చిన్నవారికి మూడు వ్రేళ్ళను గుడారమువలె కూర్చి వాడుదురు. మూడవది కంపనము. బిడ్డ ఊపిరి విడుచు సమయమున మాత్రమే అరచేతిని రొమ్ముపై ఆనించి, సన్నగా వణకించుచు లోపలికి నొక్కుదురు.

విడుచు సమయమున మాత్రమే ఏల? కఫము గాలి పోవు దిక్కునకే పోవును. లోపలికి వచ్చు గాలి వేగమెక్కువైనచో కఫము ఇంకను లోతునకు దిగును. వెలుపలికి పోవు గాలి వేగమెక్కువైనచో పైకి వచ్చును. కావున లోనికి మెల్లగా, వెలుపలికి వడిగా అనునది ఈ విద్యకంతకు సూత్రము. దీనినే చేతి సంచితోను సాధింతురు. బిడ్డను యంత్రమునుండి విడదీసి, సంచిని మెల్లగా నొక్కి, నిండిన ఊపిరిని ఒక్క క్షణము నిలిపి, చటుక్కున విడిచివేయుదురు. ఆ విడిచిన క్షణముననే రెండవవాని చేతులు రొమ్మును నొక్కి వణకించును. గోలీసోడా మూతను బిడ్డకు బదులు ఇద్దరు మనుష్యులు తీసినట్లు! పిల్లలకు వాడు సంచి 1937లో ఇంగ్లండులో ఎయర్ కూర్చిన గొట్టమునకు 1950లో జాక్సన్ రీస్ తగిలించినది. మన ఆసుపత్రులలో నర్సులు దానిని నేటికిని జే.ఆర్. సర్క్యూటనియే పిలుతురు.

ఎంత బలముతో నొక్కవలెను? చిరకాలము ఇది అనుభవజ్ఞుని అరచేతికే తెలిసిన రహస్యముగా నుండెను. లండనులో 2007లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు చేతి క్రింద ఒత్తిడిని కొలుచు పలుచని చాపను ఉంచి, యంత్రముపైనున్న పిల్లలలో నొక్కు బలమును, గాలి వేగమును ఏకకాలమున కొలిచిరి. అరచేతి నేర్పును అంకెలలోనికి దించు ప్రయత్నమది.

పీల్చివేయుట

జారి పెద్ద నాళముదాకా వచ్చిన కఫమును సన్నని గొట్టముతో పీల్చివేయవలెను. ఇది సులభముగా కనుపించును కాని, పొరపాటునకు ఎక్కువ తావున్నది ఇక్కడనే. గొట్టము కఫమును మాత్రమే పీల్చదు; ఊపిరితిత్తిలోని గాలిని కూడ పీల్చును.

మన ఎనిమిదేండ్ల బాలునికి లెక్క వేయుదము. బుడగ గల గొట్టము లోపలి వ్యాసమునకు వాడుకలో నున్న సూత్రము: వయస్సును నాలుగుతో భాగించి మూడున్నర కలుపవలెను. అనగా 2కు 3.5 కలుప 5.5 మిల్లీమీటర్లు. పీల్చు గొట్టపు వెలుపలి వ్యాసము ఇందులో సగమునకు మించరాదు, అనగా 2.75 మిల్లీమీటర్లు. పీల్చు గొట్టములను ఫ్రెంచి కొలతలో అమ్ముదురు. మూడు ఫ్రెంచి కొలతలు ఒక మిల్లీమీటరు. కనుక 8 నంబరు గొట్టము దాదాపు 2.7 మిల్లీమీటర్లు, సరిపోవును. 10 నంబరు సరిపోదు. వ్యాసము సగమైనచో వైశాల్యము నాలుగవ వంతు. మూడు వంతులు ఖాళీగా నున్నప్పుడు, పీల్చిన గాలికి బదులుగా ప్రక్కనుండి గాలి దిగుటకు వీలుండును. గొట్టము దారిని నింపివేసినచో పిచికారి కాడ లాగినట్లు ఊపిరితిత్తియే కుంచించుకొనిపోవును.

పీల్చుటకు ముందు ఆమ్లజని పాలును పెంచుదురు. గొట్టమును ఎంత లోతునకు దింపవలెనో ముందుగనే కొలిచి గుర్తుంచుకొందురు; గోడకు తగిలిన తరువాత ఆపుదమనుకొనరాదు. లోనికి దించుట మొదలు వెలుపలికి తీయుటవరకు పది పదిహేను సెకనులకు మించరాదు. పనిచేయువాడు తానును ఊపిరి బిగబట్టినచో కాలము తెలియునని పాత నర్సులు కొత్తవారికి చెప్పుట కలదు. గొట్టపు కొన లోపల తగిలినప్పుడు ఒక నరము ద్వారా గుండెకు ఆజ్ఞపోయి దాని వేగము పడిపోవచ్చును. పిల్లలలో ఇది మరింత తేలికగా జరుగును. గంటకొకసారి పీల్చవలెనను కట్టుదిట్టము ఇప్పుడు లేదు. కఫమున్నట్లు గుర్తులున్నప్పుడే పీల్చవలెను. ఉప్పునీటిని పోసి పీల్చుటయు ప్రతిసారి చేయదగినది కాదు.

చేయి ఆగవలసిన చోటు

మేలుచేయునది గదాయని అందరికి అన్నివేళల చేయుట ఒకప్పుడు వాడుకయైనది. దాని ఫలితము న్యూజీలండు దేశపు ఆక్లండు నగరమున బయటపడినది. 1992 మొదలు 1994 వరకు అక్కడి ఒక ఆసుపత్రిలో, 24 నుండి 27 వారములకే పుట్టిన బిడ్డలలో 13 మందికి మెదడులో ఒక వింత గాయము కనుపించినది. కారణము వెదకగా, ఆ బిడ్డలకు జీవితపు రెండవ, మూడవ, నాల్గవ వారములలో తక్కిన అట్టి బిడ్డలకంటె రెండు మూడు రెట్లు ఎక్కువసార్లు రొమ్ము ఫిజియోథెరపీ జరిగినట్లు తెలిసినది. మొదటి నెలలో ఆ చికిత్సను మానివేసిన తరువాత, 1994 డిసెంబరు మొదలుకొని అట్టి గాయము మరల కానరాలేదు. 1998లో వైద్యులు ఈ సంగతిని ప్రచురించిరి. సంబంధము ఉండవచ్చునని మాత్రమే వారనిరి; తట్టునప్పుడు ఆధారములేని చిన్న తల ఊగుట కారణము కావచ్చునని ఊహ. ఆ చేతులు బిడ్డలను బ్రదికింపవలెనని పనిచేసినవే.

యంత్రముపై లేని పిల్లలలో చేసిన ఒక పరీక్షను కూడ చెప్పవలసియున్నది. సన్నని నాళికలు వాచు బ్రాంకియోలైటిస్ వ్యాధితో చేరిన 496 మంది శిశువులను ఫ్రాన్సులో ఏడు ఆసుపత్రులవారు రెండు పాళ్ళుగా చేసి, ఒక పాలికి మాత్రమే ఊపిరి విడుచు వేగమును పెంచు పద్ధతిని వాడిరి. 2010లో వెలువడిన ఫలితము ప్రకారము కోలుకొను కాలములో చెప్పుకోదగిన తేడా లేదు. ఆ వ్యాధిలో ఇబ్బంది ప్రధానముగా సన్నని నాళికల వాపు. చేతులు పెద్ద నాళములోని కఫమును జరుపగలవు గాని వాపును తీయలేవు. అందుచేత నేడు వైద్యులు అడుగు ప్రశ్న, చికిత్స మంచిదా కాదా అని కాదు. ఈ బిడ్డకు, ఈ పూట, తీయదగిన కఫము ఉన్నదా అని.

కొన్నిచోట్ల కఫమున్నను చేయి ఆగవలెను. ఊపిరితిత్తికిని రొమ్ముగోడకును నడుమ గాలిచేరి ఇంకను తీయనప్పుడు, ఊపిరితిత్తిలో రక్తము కారుచున్నప్పుడు, రక్తము గడ్డకట్టు గుణము తగ్గినప్పుడు, ఎముకలు పెళుసుగా నున్నప్పుడు, మెదడులో పీడనము పెరిగినప్పుడు తట్టుట, నొక్కుట తగదు. ఇండ్లలో పసిబిడ్డను కాళ్ళమీద బోర్ల పరుండబెట్టి, నీళ్ళుపోసి, వీపుపై చరచుట మన పెద్దల అలవాటు. దానిని చూచి ఈ చికిత్సయు అట్టిదేయనుకొని, ఆయాసపడు బిడ్డను ఇంటిలో చరచుట ప్రమాదకరము.

కట్లపాము కరచిన బాలునికి ఈ అడ్డంకులేవియు లేవు. వానికి కుడి ఊపిరితిత్తి పైభాగము ముడుచుకొన్నది. మంచపు తలవైపును ఎత్తి, కుడివైపు పైకి వచ్చునట్లు త్రిప్పుదురు. ఆవిరి పాత్రను సరిచూతురు. ఒకరు సంచి నొక్కుచుండగా మరియొకరు రొమ్మును వణకింతురు. 8 నంబరు గొట్టములో చిక్కని తెల్లని కఫము వచ్చును. ఆక్సీమీటరు అంకె పడి, మరల మెల్లగా లేచును. మరునాటి ఎక్సురేలో తెలుపు కొంత తగ్గియుండవచ్చును, తగ్గకపోయినచో మరల.

దినములు గడచినకొలది కనురెప్పలు లేచును, వ్రేళ్ళు కదలును, మెడ ఎత్తగలుగును. గొట్టమును తీయదగునా కాదా అని నిర్ణయించుటకు వైద్యులు బాలుడు తనంతట ఊపిరి తీయుచున్నాడా అని చూచుటతో ఆగరు. పీల్చు గొట్టపు కొన వాయునాళమున తగిలినప్పుడు ఏమి జరుగునో చూతురు. మొదటి దినములలో ఏమియు జరుగలేదు. ఇప్పుడు బాలుని ముఖము ఎర్రబడును, పొట్ట బిగుసుకొనును, భుజములు లేచును. గొట్టములోనుండి కఫపు చుక్కలు చిమ్ముకొని వచ్చును. యంత్రము అలారము మ్రోగించును. మంచము ప్రక్కన నున్న తల్లి భయపడును. ఫిజియోథెరపిస్టు అలారమును ఆపి, గొట్టమును తీయుటకు సిద్ధము చేయుడని నర్సుతో చెప్పును.